కాలినడక – దాని ఆదాయ వ్యయములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగపాఠము)



ప్రసంగ విషయము కాలినడక. ఇంత చిన్న విషయమునకు సభ యెందులకని కొందరికి తోచవచ్చును. చేనికి చల్లిన విత్తనములకు లెక్క యున్నది. ఇంటికి వచ్చిన ధాన్యమునకు లెక్క యున్నది. ఎడ్లకు పెట్టిన దాణాకును లెక్క యున్నది. కాని తప్పటడుగుల నాటినుండి చేతికఱ్ఱ పట్టిన నాటివఱకు మనుష్యుడు నడచు నడకకు లెక్క వ్రాసికొన్న గృహస్థు ఎందును కానరాడు. నడక ఊరక వచ్చినదని యెల్లరి భావము. అడుగడుగునకును కడుపులోని అన్నము కొంత ఖర్చగుచునే యుండును. ఆ ఖర్చు వేగమును బట్టి యెట్లు మారును, దానికిని దేహసుఖమునకును ఎంతవఱకు పొత్తు కుదురును అనునదియే ఇచట విచారింపదగినది.

నిదానమే ప్రధానమని సామెత. త్రోవను పోవు పిల్లవానిని చూచి, “మెల్లగా నడువరా, అలసిపోయెదవు” అని పెద్దలు మందలింతురు. మెల్లగా నడచినవాడు బలము మిగుల్చుకొనునని లోకము నమ్మకము. ఈ నమ్మకము సగము నిజము. మిగిలిన సగమునందు పొరపాటున్నది.

నడకకగు ఖర్చును కొలుచుటకు శాస్త్రజ్ఞు లవలంబించిన పద్ధతి కష్టమైనది కాదు. నడచువాడు విడిచిన గాలిని గొట్టము ద్వారా సంచిలోనికి పట్టి, అందు ప్రాణవాయువు ఎంత తగ్గినదో చూతురు. దానినిబట్టి దేహమున ఎంత ఆహారము దగ్ధమైనదో తెలియును. ఆహారశక్తిని కేలరీలలో చెప్పుట వాడుక. వండిన అన్నము నూరు గ్రాములలో సుమారు 130 కేలరీలుండును.

1958లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన రాల్‌స్టన్ అను శాస్త్రజ్ఞుడు సమతలముపై నడకకు ఒక సూత్రమును ప్రకటించెను. అందు రెండే పద్దులు కలవు. మొదటి పద్దు వేగముతో నిమిత్తము లేనిది. ఊపిరి తీయుట, గుండె కొట్టుకొనుట, దేహమును నిట్టనిలువుగా నిలుపుకొనుట మొదలగు పనులకై నిమిషనిమిషమునకును పడుచుండును. ఇది భూమిశిస్తు వంటిది. పండినను చెల్లింపవలసినదే, ఎండినను చెల్లింపవలసినదే. రెండవ పద్దు వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. వేగము రెట్టింపైనచో ఇది నాలుగింతలగును.

అరువది కిలోల బరువుగల మనుష్యునికి ఈ సూత్రమును అన్వయించి చూచిన ఎడల, గంటకు 3 కిలోమీటర్ల వేగమున నడచినప్పుడు గంటకు సుమారు 152 కేలరీలు ఖర్చగును. నాలుగున్నర కిలోమీటర్ల వేగమున 212, ఆరు కిలోమీటర్ల వేగమున 295. ఇంతవఱకు సామెత నెగ్గినట్లే. కాని త్రోవ నడచువాడు గంటలు గడుపుటకు బయలుదేరలేదు. ఊరు చేరుటకు బయలుదేరినాడు. కావున ఖర్చును గంటకు గాక కిలోమీటరుకు కట్టవలెను. అట్లు కట్టినప్పుడు, మూడు కిలోమీటర్ల వేగమున కిలోమీటరుకు 51 కేలరీలు పడగా, నాలుగున్నర వేగమున 47 మాత్రమే పడును. ఆరు వేగమున 49. మెల్లగా నడచినవాడు వేగముగా నడచినవానికన్న ఎక్కువ ఖర్చుపెట్టినాడు! కాలీడ్చుకొనుచు గంటకు రెండు కిలోమీటర్లకు లోబడి, అనగా 1.8 వేగమున నడచినచో కిలోమీటరుకు 68 కేలరీల వఱకు పోవును. త్రోవలో గడిపిన కాలమంతయు మొదటి పద్దు పెరుగుచునే యుండుట దీనికి కారణము. శిస్తు బాకీ ఏండ్ల తరబడి పేరుకొన్నట్లు, తప్పించుకొన్నాననుకొన్న ఖర్చు తుదకు మీదనే పడును.

ఒక్క విషయము మాత్రము గమనింపదగినది. మూడున్నర మొదలు అయిదున్నర కిలోమీటర్ల వఱకు ఏ వేగమున నడచినను, కిలోమీటరుకగు ఖర్చులో భేదము రెండు కేలరీలకు మించదు. కనిష్ఠ వ్యయమునకు చేరు స్థానము బావివలె లోతైనది కాదు, పళ్లెమువలె పరచుకొని యున్నది. అందుచే తోడివానికొఱకు కొంచెము తగ్గించుటకును, వాన కమ్ముకొన్నప్పుడు కొంచెము హెచ్చించుటకును ప్రకృతి వీలు కల్పించినది. నిమిషమునకు నూట యిరువది అడుగుల చొప్పున, అడుగుకు ముప్పది అంగుళముల చొప్పున సైనికులు నడచు నడక గంటకు అయిదున్నర కిలోమీటర్లగును. అదియు ఈ పళ్లెపు అంచుననే యున్నది.

నడకయందీ పొదుపు ఎచ్చటినుండి వచ్చినది? 1836లో జర్మనీ దేశస్థులగు వేబర్ సోదరులు మనుష్యుని నడకపై ఒక గ్రంథమును వెలువరించి, ముందుకు సాగు కాలు గడియారపు లోలకమువలె తన బరువుచే తానే ఊగునని వాదించిరి. ఆ వాదము వారు చెప్పినట్లే నిలువలేదు గాని, తరువాతివారికి త్రోవ చూపినది. ఇరువదవ శతాబ్దమున ఇటలీ శాస్త్రజ్ఞులు మార్గారియా, కవాన్యా మొదలగువారు నేలపై పడు బలములను కొలిచి, ఊగు కాలికన్న నేలనూనిన కాలే ముఖ్యమని చూపిరి. పిల్లవాడు గడకఱ్ఱ నూని బోదెను దాటుటను చూడుడు. కఱ్ఱపైకి లేచునపుడు వేగము తగ్గి ఎత్తు పెరుగును. ఆవలికి వాలునపుడు ఎత్తు తగ్గి వేగము తిరిగి వచ్చును. ప్రతి అడుగునను దేహము కాలిపై నిట్లే లేచి వాలుచుండును. ఒక పద్దున ఖర్చు వ్రాసినది రెండవ పద్దున జమ యగుచుండును. మధ్యమ వేగమున ఈ విధముగా నూటికి అరువదికి పైగా తిరిగి జమయగునని వారు తేల్చిరి. మఱీ మెల్లగా నడచినను, మఱీ వేగముగా నడచినను ఈ జమాఖర్చులు పొందిక తప్పును. అప్పుడు లోటును కండరములు భరింపవలెను.

ఇక విచిత్రమేమన, ఈ లెక్క ఎఱుగని వాడును దీనినే పాటించుచున్నాడు. తన పనిమీద తాను పోవు పెద్దవాడు, ఎవరును తరుమకున్నచో, గంటకు నాలుగున్నర అయిదు కిలోమీటర్ల నడుమ నడచును. ఏడు కిలోమీటర్ల వేగము దాటవలసి వచ్చినప్పుడు తెలియకయే పరుగునకు దిగును. అడుగు పొడవును సైతము దేహము తానే ఎంచుకొనును. ఆ పొడవును పైనుండి విధించినప్పుడు తెలియును అందలి కష్టము. రైలుకట్టపై స్లీపర్ల నడిమి దూరము సుమారు అరువది సెంటీమీటర్లు. పెద్దవాని సహజమైన అడుగు అంతకన్న పెద్దది. ఒక్కొక్క స్లీపరుపై కాలుమోపినచో అడుగు చాలదు, రెండేసి దాటినచో అందదు. రైలుకట్టపై నడచుట అపాయకరము, చట్టవిరుద్ధము. అట్లు కానిచో ఈ విషయమున అంతకన్న మంచి పాఠశాల లేదు.

కవులు నాయికను గజగమన యనియు, హంసయాన యనియు వర్ణించుట యెల్లరెఱిగినదే. మందగమనమునకు ఈ రెండును ఉపమానములైనవి. లెక్క చూచువాడు మాత్రము ఆ రెండింటిని ఒక్క వరుసన కూర్చుండబెట్టడు. దేహము పెద్దదైనకొలది కిలో బరువును కిలోమీటరు మోయుటకగు ఖర్చు తగ్గును గాన, ఏనుగు నడకలో మహా పొదుపరి. త్వరపడినచో గంటకు ఇరువదియైదు కిలోమీటర్ల వఱకు పోగలదు. హంస కాళ్లో, నీటిలో తెడ్లుగా పనికివచ్చునట్లు అమరినవి. నేలపై అది ప్రక్కలకూగుచు వ్యయప్రయాసలతో నడచును. కవిత్వమునకు ఊగుటయే కావలెను గాబోలు.

ఇంతవఱకు ఖర్చును, సుఖమును కలిసి నడచినవి. అవి విడిపోవు త్రోవలును కలవు.

కొండ నెక్కుట చూతము. అరువది కిలోల మనుష్యుడు నూరు మీటర్ల ఎత్తున కెక్కినచో, దేహమును పైకెత్తుటకు కావలసిన పని పదునాలుగు కేలరీలు మాత్రమే. కాని కండరము తాను తిన్నదానిలో ఇంచుమించు నాలుగవ వంతునే పనిగా మార్చగలదు; తక్కినది వేడిమియై పోవును. కావున ఖర్చు ఏబదియాఱు కేలరీల వఱకగును. నూరు మీటర్ల ఎత్తు, సమతలమున ఒక కిలోమీటరు దూరముకన్న ఎక్కువ! ఎత్తుటకగు ఈ ఖర్చు వేగమును బట్టి మారదు, మెల్లగా ఎక్కినను పరుగున ఎక్కినను అంతే. అది స్థిరమైనప్పుడు వేగమును నిర్ణయింపవలసినది ఊపిరియే. అలిపిరి త్రోవన తిరుమలకు 3,550 మెట్లు. మొదటి వందమెట్లను ఉత్సాహముతో దుమికి యెక్కిన యువకులు కొంతసేపటికి మెట్టుపై కూలబడుటయు, వెనుకనుండి గోవిందనామము చెప్పుకొనుచు ఒకే తీరున వచ్చు వృద్ధురాలు వారిని దాటిపోవుటయు అచట అరుదు కాదు. సామెత నిజముగా చెల్లునది కొండమీదనే.

దిగుటయందు తీరు వేరు. నూటికి పది వంతుల వాలు గల త్రోవన దిగునపుడు ఖర్చు అన్నిటికన్న తక్కువ యని మార్గారియా 1938లోనే కొలిచి చూపెను. అంతకన్న నిటారైన వాలున తొడ కండరములు బండికి మోకు కట్టి వెనుకకు లాగిపట్టినట్లు దేహమును ఆపుచు దింపవలెను. అన్నము ఖర్చు స్వల్పమే. మఱునాటి తొడనొప్పి, మోకాలినొప్పి స్వల్పము కావు. కేలరీల కవిలెలో ఈ బాధ ఎక్కడను వ్రాయబడదు.

ఎండయందును అట్లే. ఖర్చైన శక్తిలో అధికభాగము వేడిమి యగుటచే, ఆరు కిలోమీటర్ల వేగమున నడచువాని దేహము మూడు కిలోమీటర్ల వేగమున నడచువాని దేహముకన్న గంటకు ఇంచుమించు రెట్టింపు వేడిమి పుట్టించును. మాఘమాసపు ప్రొద్దున అది హాయి. వైశాఖపు మధ్యాహ్నమున అదియే ప్రాణాపాయము. దూరపు లెక్కన కొంత నష్టమైనను ఎండలో మెల్లగా నడచుట, నీడపట్టున ఆగుట వివేకమే. ఇసుకలో నడక మఱియొక తీరు. గట్టినేలపై నడకకన్న ఇసుకలో నడకకు శక్తి రెండింతలకు పైగా ఖర్చగునని 1998లో కొలిచి చూపిరి. వేసవిలో ఏటి ఇసుక దాటి ఆవలి యూరికి పోవువాడు రెండు కిలోమీటర్లని చెప్పినచో, కాళ్లు నాలుగింటికి పైగా వ్రాసికొనునన్నమాట.

బరువు మోయుట వేగముతో గట్టిగా ముడిపడిన విషయము. 1971లో దత్తా, రామనాథన్ అను భారత శాస్త్రజ్ఞులు ఒకే బరువును ఏడు విధములుగా మోయించి ఖర్చు కొలిచిరి. ముందు వెనుకల సమముగా పంచి కట్టుకొన్న మూట అన్నిటికన్న తేలిక. దాని తరువాతిది తలమోత. చేతులతో పట్టుకొని పోవుట అన్నిటికన్న భారము. కావడివంటి మోత కూడ ఖర్చు విషయమున అంత పొదుపైనది కాదు. మఱి కావడి ఏల నిలిచినది? ఊగెడి బద్దలను భుజములపై మోయించి 1991లో అమెరికాలో జరిపిన పరిశోధన కొంత బదులు చెప్పుచున్నది. ఊగుట వలన శక్తి మిగులలేదు గాని, అడుగడుగునకును భుజముపై పడు తాకిడి మిక్కిలి తగ్గినది. కావడి మోయువాడు అన్నము పొదుపు చేయుటకు గాక భుజము కాచుకొనుటకు దానిని పట్టినాడనవచ్చును. సుఖమునకును పొదుపునకును భేదము చూపుటకు ఇంతకన్న నిదర్శనము దొరకదు.

తలమోత విషయమున ఆఫ్రికా స్త్రీలు లోకమును ఆశ్చర్యపఱచిరి. కెన్యా దేశపు లువో, కికూయూ స్త్రీలు తమ బరువులో అయిదవ వంతును తల ఆధారముగా మోయుచు, రిక్తముగా నడచినప్పటికన్న ఎక్కువ ప్రాణవాయువు తీసికొనలేదని 1986లో వెల్లడియైనది. అన్నిచోట్లను ఇట్లే యని తరువాతి పరీక్షలలో తేలలేదు. నీళ్లబిందె నెత్తిపై పెట్టుకొని నడచు స్త్రీని చూచి ‘అలవాటు పడినది, ఆమెకేమి కష్టము’ అనువారు దీనిని సాక్ష్యముగా తెచ్చుట తగదు. ప్రాణవాయువు కొలుచు సంచి మెడనొప్పిని కొలువదు. నేపాళమున తమ బరువుతో దాదాపు సమానమైన బరువును కొండలపై మోయు కూలీల పద్ధతిని 2005లో పరిశీలించిరి. వారు మెల్లగా నడచి, మాటిమాటికి ఆగి, మరల నడచుచుందురు. బరువు పెరిగినకొలది తొందరపడి దింపివేయవలెననిపించును. బ్రతుకంతయు మోయువాడు అట్లు చేయడు.

ఒంటరిగా నడచువానికి ఇంతవఱకు చెప్పిన లెక్క చాలును. నలుగురు కూడి నడచినప్పుడు ఒకరి వేగము ఇంకొకరికి చేటగును. ఆంధ్ర మహాభాగవతము పంచమ స్కంధమున జడభరతుని కథ కలదు. రహూగణ మహారాజు పల్లకి మోయుటకు బోయీలు ఆతనిని పట్టి తెచ్చిరి. ఆతడు నేలపై పురుగులను త్రొక్కకుండ చూచి చూచి అడుగు వేయుటచే తక్కినవారితో నడక కలియక పల్లకి ఎగుడుదిగుడైనది. రాజు కోపించి యెత్తిపొడిచెను. జడభరతుడు బదులు చెప్పెను. రాజు పల్లకి దిగి పాదములపై పడెను. తత్త్వజ్ఞులు ఆ బదులునే చదువుదురు. మోతగాండ్ర కష్టము నెఱిగినవాడు మాత్రము దానికి ముందున్న ఘట్టమువద్ద కొంచెము నిలుచును. నలుగురి భుజములపై నున్న బరువు ఒక్కరి అడుగు తప్పినచో మిగిలిన ముగ్గురిపై పడును. లోపలి రాజునకు కుదుపు మాత్రమే తెలిసినది. మహాభారతమున లక్కయింటినుండి బయటపడిన రాత్రి భీముడు తల్లిని, సోదరులను మోసికొనిపోయినది ఇట్టి చిక్కువలననే గదా. ఆతని నడక తక్కినవారికి అందునది కాదు, వారి నడకతో శత్రువునుండి తప్పించుకొనుట సాధ్యము కాదు.

నూరుమంది నడచినప్పుడు ఏమి చేయవలెను? 1930 మార్చి 12న సబర్మతినుండి బయలుదేరిన గాంధీమహాత్ముడు ఏప్రిల్ 5న దండి చేరెను. దూరము సుమారు 240 మైళ్లు, ఆతడు నడచుచున్నది అరువది యొకటవ యేట, తొలుత వెంట నున్నవారు 78 మంది. సగటున దినమునకు పది మైళ్లు, సోమవారములు విశ్రాంతి. పది మైళ్లనగా పదునాఱు కిలోమీటర్లు, నాలుగున్నర వేగమున మూడున్నర గంటల నడక. ఒక్క దినమున అంతకు రెట్టింపు నడువగలవారు ఆ గుంపున ఎందఱో యుందురు. ఇరువది నాలుగు దినములు వరుసగా, చిన్న పెద్ద యందఱు, నడచిన పిమ్మట గ్రామములలో సభలు జరుపగల ఓపిక మిగుల్చుకొని నడచుట వేరు. 1951లో వినోబాభావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు కాలినడకనే వచ్చి, పిమ్మట తెలంగాణమున పాదయాత్ర సాగించుచు ఏప్రిల్ 18న పోచంపల్లి చేరెను. భూదానము అచట పుట్టినది. నడక వేగమున గాక మోటారు వేగమున పోయినవానికి ఆ పల్లె దారిలో ఒక మలుపు మాత్రమై యుండెడిది.

అన్నిటికన్న ముఖ్యమైనది చిన్నపిల్లల నడక. నడక వేగము కాలి పొడవును బట్టి యుండును. అయితే పొడవును బట్టి నేరుగా గాక, దాని వర్గమూలమును బట్టి. పెద్దవాని కాలు తొంబది సెంటీమీటర్లనుకొనుడు. నాలుగేండ్ల బిడ్డ కాలు అందు సగముండును. సగము కాలు గలవాని సహజవేగము సగము కాదు, పదింట ఏడు పాళ్లు. పెద్దవానికి నాలుగున్నర హాయియైనచో బిడ్డకు సుమారు మూడుంబావు హాయి. పెద్దవాడు ఏడు కిలోమీటర్ల వేగమున పరుగునకు దిగును. బిడ్డ అయిదు వద్దనే దిగవలెను. తండ్రి బిడ్డచేయి పట్టుకొని అయిదు కిలోమీటర్ల వేగమున సంతకు పోవుచుండగా ప్రక్కన ఆ బిడ్డ పరుగెత్తుచున్నాడు. కొంత దూరము పోయిన పిమ్మట ‘ఎత్తుకో’ యని మారాము చేసినచో అది పెంకితనమని దండించుట న్యాయము కాదు. తండ్రి అలసట లేక నడచిన దూరమును బిడ్డ పరుగుతో కొన్నాడు.

ముసలివారి సంగతియు ఇట్లే తలచవలెను. పట్టణములలో వీధి దాటుటకు దీపము వెలుగు కాలమును నిర్ణయించునపుడు మనుష్యుడు సెకనుకు 1.2 మీటర్లు నడచునని లెక్కింతురు. గంటకు 4.3 కిలోమీటర్లు. ఆరోగ్యవంతునికి అది సహజవేగమే. కీళ్లు పట్టిన వృద్ధునికి, కృత్రిమ పాదముతో నడచువానికి అది పరుగు. కాలు పోగొట్టుకొన్నవారు వేగము తగ్గించి, నిమిషమునకగు ఖర్చును ఇతరులతో సమానముగా నుంచుకొందురని పరిశోధనలలో తెలిసినది. వారు మెల్లగా నడచుట సోమరితనము కాదు, తమకు చెల్లిన వేగము నెన్నుకొనుట.

నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో వచ్చినది. దానినిబట్టి ఏర్పడిన 2010 నాటి కేంద్ర నిబంధనలలో అయిదవ తరగతి వఱకు బడి ఒక కిలోమీటరులోను, ఎనిమిదవ తరగతి వఱకు మూడు కిలోమీటర్లలోను ఉండవలెనని చెప్పబడినది. పుస్తకముల సంచి బిడ్డ బరువులో పదవ వంతు మించరాదని 2020 నాటి విధానము. ఈ మూడును మంచి కొలతలే. అయినను కిలోమీటరు కొలుచునది గొలుసు. నడచునది ఆరేండ్ల బిడ్డ. ఆ బిడ్డ కాలు సుమారు ఏబది సెంటీమీటర్లనుకొన్నచో, సహజవేగము గంటకు మూడుంబావు, మూడున్నర కిలోమీటర్ల నడుమ నుండును. పెద్దవానికి పదుమూడు నిమిషములు పట్టు కిలోమీటరునకు బిడ్డకు పదునెనిమిది నిమిషములు పట్టును. సంచి చేతితో మోయక వీపున నుండవలెను. వానకాలమున పుంతదారి బురదయైనచో మఱి కొన్ని నిమిషములు కలుపవలెను. బడిగంట తొమ్మిదింటికి మ్రోగునెడల బిడ్డ ఎనిమిది గంటల నలువది నిమిషములకే గడప దాటవలెను; పెద్దల నడకను లెక్కించి పావు తక్కువ తొమ్మిదింటికి పంపినచో, ఆ త్రోవలో కొంత దూరము పరుగెత్తక తప్పదు.